తయారీ నిలిచినా తగ్గని గిరాకీ: హోండా సీఆర్ టూస్ట్రోక్‌ల వెనుక సంగతి

సంక్షిప్తంగా

హోండా సంస్థ 1973 మోడల్‌తో మొదలుపెట్టిన సీఆర్ శ్రేణి టూస్ట్రోక్ మోటోక్రాస్ (ఎత్తుపల్లాల మట్టి ట్రాకుల మీద జరిగే పందేల) బైకులు 2007 మోడల్‌తో ఆగిపోయాయి. వాటిలో పెద్దదైన సీఆర్500ఆర్ అంతకు ముందే, 2001లో నిలిచిపోయింది. పందేల తరగతుల్లో ఫోర్‌స్ట్రోక్‌లకు దాదాపు రెట్టింపు ఇంజిన్ పరిమాణాన్ని అనుమతించడం, ఉద్గారాల నియమాలు బిగుసుకోవడం, సంస్థ తన పరిశోధనను ఫోర్‌స్ట్రోక్‌ల వైపు మళ్లించడం ఇందుకు ప్రధాన కారణాలు. ఆగిపోయిన ఈ బైకులనే నడపాలన్న అభిమానుల పట్టుదలలో జ్ఞాపకాల పాత్ర ఉన్నా, దానికి బలమైన యాంత్రిక కారణాలు కూడా ఉన్నాయి. యజమాని తన చేతులతో బాగుచేసుకోగల ఇంజిన్, ఒక ఏడాది బైకు భాగం మరో ఏడాది బైకుకు సరిపోయే వీలు, ఈ శ్రేణిలో ఇక కొత్త మోడల్ రాదన్న నిశ్చయం ఆ మక్కువను నిలబెడుతున్నాయి. ఇకపై దాని ఆయుష్షు విడిభాగాల లభ్యత మీద ఆధారపడి ఉంది.

మోటోక్రాస్ బైకుకు వయసు తొందరగా మీద పడుతుంది. దుమ్ములో, బురదలో, గాల్లోకి లేచి నేలకు గుద్దుకునే దూకుళ్లలో మూడు నాలుగు సీజన్లు గడిచేసరికి బేరింగులు వదులవుతాయి, ఫ్రేము అలుస్తుంది, ఈలోగా అంతకంటే తేలికైన కొత్త మోడల్ వచ్చేస్తుంది. అందుకే పాతది వదిలించుకుని కొత్తది తెచ్చుకోవడమే ఈ రంగంలో రివాజు. సీఆర్ శ్రేణి ఈ రివాజుకు లొంగలేదు. బాగా ఉంచిన సీఆర్500ఆర్ బైకులు షోరూములో ఉన్నప్పటి ధరను ఎప్పుడో దాటిపోయాయి. పాత ఇంజిన్‌ను కొత్త బైకు ఫ్రేములో ఇమిడించుకునేందుకు వెల్డింగ్ దాకా వెళ్లేవారు ఉన్నారు. ఆ తరహా బైకులను ఇతర సంస్థలు ఇప్పటికీ కొత్తగా తయారు చేస్తుండగా జరుగుతున్న వ్యవహారం కాబట్టి, దీనికి కారణాలేమిటో విడివిడిగా చూడాలి.

1973 నుంచి 2007 దాకా

హోండా పేరు చెప్పగానే ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ గుర్తుకు రావడం సహజం. 1949లో వచ్చిన ఆ సంస్థ తొలి పూర్తిస్థాయి మోటార్‌సైకిల్, 98 సీసీ డ్రీమ్ డీ-టైప్, నిజానికి టూస్ట్రోక్. రెండేళ్లు తిరిగేసరికి ఈ-టైప్‌తో సంస్థ ఫోర్‌స్ట్రోక్‌కు మారింది, ఆ తర్వాత అదే దాని గుర్తింపు అయింది. సంస్థాపకుడు సోయిచిరో హోండాకు టూస్ట్రోక్‌ల మీద పెద్దగా గురి లేదన్న మాట ప్రసిద్ధం. అయితే 1970ల మొదటికి మోటోక్రాస్ పూర్తిగా టూస్ట్రోక్‌ల చేతుల్లో ఉంది. బరువు తక్కువ, విసురు ఎక్కువ అయిన ఆ యంత్రాలతో ఫోర్‌స్ట్రోక్‌లు పోటీ పడలేకపోయాయి. ఇష్టం ఉన్నా లేకున్నా హోండా ఆ దారి పట్టక తప్పలేదు.

అలా వచ్చినదే సీఆర్250ఎం ఎల్సినోర్. కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్‌లో జరిగే పందెం పేరు దానికి పెట్టారు. మెరుగుపట్టిన అల్యూమినియం ట్యాంకు, దాని మీద ఆకుపచ్చ చార ఆ బైకు ఆనవాళ్లు. వచ్చిన ఏడాదే, 1973లో, గ్యారీ జోన్స్ దాని మీద అమెరికా 250 సీసీ జాతీయ టైటిల్ గెలిచాడు. 1974లో చిన్నదైన సీఆర్125ఎం వచ్చింది. 1978 నాటి సీఆర్250ఆర్‌కు ఇంజిన్ సైతం ఎర్ర రంగే. 1981లో నీటి చల్లదనం, ప్రో-లింక్ వెనుక సస్పెన్షన్ చేరాయి. 1986లో ఎగ్జాస్ట్ రంధ్రం ఎత్తును ఇంజిన్ వేగానికి తగ్గట్టు మార్చే హెచ్‌పీపీ అనే పవర్ వాల్వ్ 250కి వచ్చింది. 1997లో సీఆర్250ఆర్‌కు అల్యూమినియం ఫ్రేము ఇచ్చారు. అది మరీ బిర్రుగా ఉండి చేతులకు దెబ్బ తెలుస్తోందన్న విమర్శ రావడంతో 2000లోనూ 2002లోనూ దాన్ని సవరించారు.

పందేల చరిత్ర కూడా ఈ శ్రేణికి పునాది. ప్రపంచ మోటోక్రాస్ 500 సీసీ టైటిల్ 1984 నుంచి 1992 దాకా వరుసగా తొమ్మిదేళ్లు హోండా రైడర్లకే దక్కింది. మాల్హెర్బ్, థోర్ప్, జోబే, గెబోయర్స్ ఆ తొమ్మిదింటిని పంచుకున్నారు. అమెరికాలో జెరెమీ మెక్‌గ్రాత్ 1993 నుంచి 1996 వరకు నాలుగు సూపర్‌క్రాస్ (స్టేడియంలో కట్టిన మట్టి ట్రాకు మీద జరిగే పందేల) టైటిళ్లు సీఆర్250 మీదే గెలిచాడు. ఇలాంటి వరుస విజయాలు ఏ బైకుకైనా అభిమానులను తెచ్చిపెడతాయి. కానీ గెలిచిన బైకులు చాలానే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఇవాళ ఎవరికీ పట్టవు. కాబట్టి అసలు కారణం వేరే చోట వెతకాలి.

పరిమాణపు లెక్క ఎలా మారింది

టూస్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఒక మంట పడుతుంది. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి పడుతుంది. ఈ లెక్కన ఒకే పరిమాణం ఉన్న రెండు ఇంజిన్లలో టూస్ట్రోక్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. వాస్తవంలో అంత తేడా రాదు. తాజా మిశ్రమం కొంత మండకుండానే బయటకు పోతుంది, పాత పొగ కొంత లోపలే మిగిలిపోతుంది. అయినా తేడా గట్టిదే. అందువల్ల ఒకే తరగతిలో రెండు రకాలనూ పరుగెత్తించాలంటే ఫోర్‌స్ట్రోక్‌కు పరిమాణంలో వెసులుబాటు ఇవ్వాలని నిర్వాహకులు భావించారు. 125 సీసీ టూస్ట్రోక్‌కు ఎదురుగా 250 సీసీ ఫోర్‌స్ట్రోక్, 250 సీసీ టూస్ట్రోక్‌కు ఎదురుగా చివరికి 450 సీసీ ఫోర్‌స్ట్రోక్ అనే లెక్క అలా స్థిరపడింది.

ఈ వెసులుబాటు మొదలైన రోజుల్లో ఎవరికీ అభ్యంతరం రాలేదు. అప్పటి ఫోర్‌స్ట్రోక్ బైకులు బరువైనవి, నెమ్మదైనవి, పడిపోతే మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయించేవి. ఉనికి కోల్పోతున్న ఒక రకానికి చేయూత ఇవ్వడంలా ఆ నియమం కనిపించింది. చిన్న స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), వెడల్పు బోరు (సిలిండర్ వ్యాసం), తేలికైన పిస్టన్, టైటానియం వాల్వ్‌లు కలిసి వచ్చాక అదే నియమం తక్కెడను ఒక పక్కకు వంచేసింది. 1997లో డగ్ హెన్రీ యమహా వారి నమూనా ఫోర్‌స్ట్రోక్ మీద లాస్ వెగాస్ సూపర్‌క్రాస్ గెలిచాడు. మరుసటి ఏడాది మార్కెట్లోకి వచ్చిన వైజడ్400ఎఫ్ మీద అతడే 250 తరగతి జాతీయ టైటిల్ కూడా గెలిచాడు. నిమిషానికి 11 వేలకు పైగా చుట్లు తిరిగే 400 సీసీ ఇంజిన్ 250 సీసీ టూస్ట్రోక్‌ల పక్కన నిలబడ్డాక ఇక పోటీ ఏకపక్షం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఈ మలుపును హోండా సొంత బైకుల్లోనే చూడవచ్చు. 2002లో రికీ కార్మైకేల్ సీఆర్250ఆర్ మీద అమెరికా ఔట్‌డోర్ సీజన్‌లోని 24 పరుగులకు 24 గెలిచాడు. 2004లో మళ్లీ అదే ఘనత సాధించాడు, ఈసారి 24కు 24 సీఆర్ఎఫ్450ఆర్ అనే ఫోర్‌స్ట్రోక్ మీద. మనిషి అతడే, సంస్థ అదే, ఫలితం కూడా అదే. కాబట్టి టూస్ట్రోక్ పనికిరాకుండా పోయిందనడానికి ఈ లెక్క సాక్ష్యం కాదు. అయితే రెండేళ్ల వ్యవధిలో సంస్థ తన మొదటి రైడర్‌ను ఒక యంత్రం మీద నుంచి దించి మరో యంత్రం ఎక్కించిందన్న సంగతి మాత్రం దీన్నుంచి తేటతెల్లమవుతుంది. ఆ తర్వాత 2005లో అదే కార్మైకేల్ సుజుకి ఆర్ఎం250 మీద సూపర్‌క్రాస్ టైటిల్ గెలిచాడు. పెద్ద తరగతి సూపర్‌క్రాస్‌లో టూస్ట్రోక్‌కు దక్కిన చివరి టైటిల్ అదే.

అభిమానుల వాదనలో ఇక్కడ కొంత అతి ఉంది. నియమం వల్లే ఫోర్‌స్ట్రోక్ గెలిచిందనడం సగం నిజం. ఫోర్‌స్ట్రోక్ శక్తి ఒక్కసారిగా విరుచుకుపడదు. కింది వేగం నుంచే నిలకడగా పెరుగుతుంది, వెనుక టైరు నేలను వదలకుండా పట్టుకుంటుంది. పొడి నేల మీద, గట్టి మలుపుల్లో ఇది రైడర్ శ్రమను తగ్గిస్తుంది. పరిమాణంలో తేడా కొంచెం తక్కువగా ఉన్నా ఫోర్‌స్ట్రోక్ కొన్ని ట్రాకుల మీద గెలిచేదే. కానీ 250కి ఎదురుగా 450 నిలబెట్టడం వల్ల టూస్ట్రోక్‌ను ఇంకా మెరుగుపరచాలన్న ఆసక్తి తయారీదారుల్లో పోయింది. కార్బొరేటర్ స్థానంలో ఇంజెక్షన్ పెట్టడం వంటి పనులు ఆ దశలో పెద్దగా సాగలేదు.

ఉద్గారాల వాదన ఎంతవరకు నిలుస్తుంది

సీఆర్ ఆగిపోవడానికి కాలుష్య చట్టాలే కారణమని తరచూ వినిపిస్తుంది. యంత్రం పనితీరు దృష్ట్యా ఆ వాదనకు ఆధారం ఉంది. టూస్ట్రోక్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు తాజా మిశ్రమం లోపలికి వచ్చే రంధ్రాలు, పొగ బయటకు పోయే రంధ్రం కొంతసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. ఆ సందులో పెట్రోలు, అందులో కలిపిన నూనె కొంత మండకుండానే సైలెన్సర్ దారి పడతాయి. ఎక్స్‌పాన్షన్ చాంబర్ అనే ఉబ్బిన గొట్టం ఉన్నది దీన్ని అరికట్టడానికే. ఎగ్జాస్ట్ నుంచి వెళ్లిన పీడన తరంగం ఆ గొట్టం చివరి సన్నని భాగాన్ని తాకి వెనక్కి వచ్చి, బయటకు జారిన మిశ్రమాన్ని తిరిగి సిలిండర్లోకి నెడుతుంది. అయితే ఒక నిర్దిష్ట వేగం దగ్గరే ఆ తరంగం సరైన సమయానికి తిరిగి వస్తుంది. టూస్ట్రోక్ కొంతసేపు మందకొడిగా ఉండి, ఆ వేగం అందగానే ఉన్నట్టుండి ఎగదన్నడానికి కారణం ఇదే. అభిమానులు ప్రాణం పెట్టే ఆ ఊపూ, చట్టం తప్పుపట్టే పొగా ఒకే ఏర్పాటులోంచి పుట్టాయి.

చట్టం మాత్రం మోటోక్రాస్‌ను నేరుగా నిషేధించలేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో ప్రకటించి 2006 మోడళ్ల నుంచి అమలు చేసిన నియమాలు, పోటీల కోసమే తయారయ్యే బైకులకు మినహాయింపు ఇచ్చాయి. కాలిఫోర్నియాలో ఉద్గార ప్రమాణాలు అందుకోని బైకులకు ఎర్ర స్టిక్కర్ ఇచ్చి, కొన్ని ప్రభుత్వ స్థలాల్లో కొన్ని నెలల్లోనే వాటిని నడపనిచ్చే పద్ధతి నడిచింది. అంటే సరదాకు నడుపుకునే వారి మార్కెట్ కుంచించుకుపోయింది, పందేల మార్కెట్‌కు ఆటంకం రాలేదు. యమహా తన టూస్ట్రోక్ బైకులైన వైజడ్125, వైజడ్250లను ఆపకుండా అమ్ముతూనే ఉండటం ఇందుకు నిదర్శనం. కేటీఎం 2018 మోడళ్లతో ఇంజెక్షన్ ఉన్న టూస్ట్రోక్ ఎండ్యూరో (దూరపు కచ్చా దారుల పందేల) బైకులను తెచ్చింది కూడా. ఇవన్నీ చూస్తే సీఆర్‌ను చట్టం చంపిందనడం సరికాదు. చట్టం తీరు, పందేల లెక్క, ఫోర్‌స్ట్రోక్ వైపే మొగ్గిన సంస్థ స్వభావం మూడూ ఒకే దిశలో తోశాయి. మూడోదాని పాత్రే ఎక్కువని భావించడానికి ఆధారాలున్నాయి, ఎందుకంటే మొదటి రెండూ యమహాకు కూడా వర్తించాయి.

ఒక సాయంత్రంలో మారే పిస్టన్

మక్కువకు మొదటి యాంత్రిక కారణం ఇంజిన్ విప్పితే తెలుస్తుంది. సీఆర్250లో పిస్టన్ మార్చే పని తీసుకుంటే, ముందు సీటు, ట్యాంకు తీసి, రేడియేటర్ నీరు వదిలి, స్ప్రింగులు లాగి ఎగ్జాస్ట్ గొట్టాన్ని ఊడదీస్తారు. హెడ్డు నట్లు విప్పి దాన్ని పైకెత్తగానే పిస్టన్ తల కనబడుతుంది. దాని మీది మసి రంగును బట్టే మిశ్రమం ఎలా మండుతోందో అనుభవజ్ఞులు చెప్పగలరు. కాఫీ రంగు మచ్చ కుదురుగా ఉంటే జెట్టింగ్ (కార్బొరేటర్‌లో పెట్రోలు పాళ్ల అమరిక) సరిగా ఉన్నట్టు, తెల్లబడితే పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతున్నట్టు లెక్క. పవర్ వాల్వ్ లంకె విడదీసి, అడుగు నట్లు తీస్తే సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు క్రాంక్ కేసు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిన్నును పట్టి ఉంచే సన్నని సర్క్లిప్ ఎగిరి లోపల పడిందంటే ఒక సాయంత్రం పని కాస్తా ఇంజిన్ మొత్తం విప్పే పని అవుతుంది. ఒకసారి తీసిన సర్క్లిప్‌ను మళ్లీ వాడకూడదు. కొత్త పిస్టన్ ఏ వైపు తిరిగి ఉండాలో దాని తల మీద గుర్తు ఉంటుంది. రింగు కొసలు గాడిలోని చిన్న మేకుకు రెండు వైపులా కూర్చుంటేనే సిలిండర్ సాఫీగా దిగుతుంది.

ఈ పనికి మామూలు పానాలు, సరైన బిగువు చూపే టార్క్ రెంచి, శ్రద్ధ ఉంటే చాలు. హెడ్డులో వాల్వ్‌లు లేవు, కామ్ షాఫ్టు లేదు, టైమింగ్ చైను లేదు, వాల్వ్ సందు కొలిచి, దాన్ని సరిచేసే పలుచని బిళ్లలైన షిమ్ములు మార్చే అవసరం లేదు. ఎక్కువ వేగంతో తిరిగే ఫోర్‌స్ట్రోక్‌లో ఇవన్నీ ఉంటాయి. అందులో వాల్వ్ విరిగి పిస్టన్‌కు తగిలిందంటే హెడ్డు, సిలిండర్, క్రాంక్ ఒకదాని వెంట ఒకటి పోతాయి. టూస్ట్రోక్ కూడా పట్టేస్తుంది. నూనె తక్కువైనా, జెట్టింగ్ తప్పినా పిస్టన్ సిలిండర్ గోడను కరుచుకుంటుంది. కానీ నష్టం ఎక్కువసార్లు పైభాగానికే పరిమితమవుతుంది, సిలిండర్ లోపలి గట్టి పూతను మళ్లీ వేయించి కొత్త పిస్టన్ పెడితే బైకు తిరిగి ట్రాకెక్కుతుంది. టూస్ట్రోక్ పిస్టన్ తరచుగా మార్చాల్సి వస్తుందన్నది నిజమే, దాన్ని దాచి చెప్పే అభిమానులు కూడా ఉన్నారు. అయితే తరచుగా చేయాల్సిన ఆ పని యజమాని చేతిలో ఉంది, ఖర్చు ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. ఇలా ఏడాదికి రెండు మూడు సార్లు తన చేతులతో విప్పి బిగించిన యంత్రాన్ని మనిషి అంత తేలిగ్గా వదులుకోడు.

వైజడ్250 అమ్మకంలో ఉండగా సీఆర్ ఎందుకు?

పైన చెప్పిన కారణమే సర్వస్వమైతే అభిమానులంతా వైజడ్250 కొనుక్కుని ఊరుకోవాలి. సీఆర్250ఆర్ బోరు 66.4 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు. వైజడ్250 కొలతలు కూడా సరిగ్గా అవే. సరళత, చవకగా నడపడం, టూస్ట్రోక్ ఊపు అన్నీ కొత్త బైకులో, వారంటీ సహా దొరుకుతాయి. అయినా సీఆర్‌కు గిరాకీ ఉందంటే ఇంజిన్ రకానికి మించినది ఏదో ఇందులో ఉన్నట్టే.

అది శ్రేణి ముగిసిపోవడమే అనుకోవాలి. తయారీలో ఉన్న బైకు గురించి ఎవరు ఏం చెప్పినా వచ్చే ఏడాది మోడల్ దాన్ని తలకిందులు చేయవచ్చు. సీఆర్ విషయంలో లెక్క పూర్తయింది. ఏ ఏడాది ఫ్రేము మెత్తగా ఉంటుంది, ఏ ఏడాది ఇంజిన్ కింది వేగంలో బాగా లాగుతుంది, ఏ ఫోర్కు దాన్ని పట్టి ఉంచే ఏ ట్రిపుల్ క్లాంపులో ఇముడుతుంది, ఏ కార్బొరేటర్ మారిస్తే తడబాటు పోతుంది అన్నవన్నీ ఏళ్ల తరబడి పోగుపడిన జ్ఞానం. అది ఇక పాతబడదు. 1990ల నాటి ఉక్కు ఫ్రేము బైకు మేలా, 2002 తర్వాతి మూడో తరం అల్యూమినియం ఫ్రేము మేలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఒక పక్షం ఫ్రేము చూపితే మరో పక్షం ఇంజిన్ చూపుతుంది. 2002లో సీఆర్250 ఇంజిన్‌లో రీడ్ వాల్వ్‌ను (మిశ్రమాన్ని లోపలికి మాత్రమే వదిలే పలుచని రేకుల తలుపును) సిలిండర్ నుంచి క్రాంక్ కేసుకు మార్చి, పవర్ వాల్వ్‌ను చిన్న మోటారుతో నడిపే పద్ధతి పెట్టారు. కాగితం మీద ఇది ముందడుగు. ఆచరణలో జెట్టింగ్ కుదరడం లేదన్న ఫిర్యాదు వచ్చింది, 2001 ఇంజినే నయమన్న వర్గం బలపడింది. దాంతో కొత్త ఫ్రేములో పాత ఇంజిన్ కూర్చోబెట్టాలన్న కోరిక పుట్టింది. శ్రేణి కొనసాగి ఉంటే సంస్థ 2009లోనో 2010లోనో ఆ లోపాన్ని సరిచేసి చర్చను ముగించేది. అది ఆగిపోవడంతో సరిచేసే పని యజమానులకు మిగిలింది, ఈ వ్యవహారంలో అసలు ఆకర్షణ కూడా అదేనని చెప్పవచ్చు.

వదిలేసింది హోండా కావడం మరో సంగతి. అంతటి సాంకేతిక శక్తి ఉన్న సంస్థ టూస్ట్రోక్‌ను ఇంజెక్షన్‌తో, కొత్త ఫ్రేముతో తీర్చిదిద్దితే ఎలా ఉండేదన్న ఊహకు హద్దు లేదు. తీరని ఆ ముచ్చటకు దొరికే దగ్గరి రూపం 2007 సీఆరే.

సీఆర్500: దారి వేరు

ఈ శ్రేణిలో సీఆర్500ఆర్ కథ కొంత భిన్నం. 1981లో సీఆర్450ఆర్‌గా మొదలై, 480గా పెరిగి, 1984లో 500 అయింది. మరుసటి ఏడాది నీటి చల్లదనం వచ్చింది. బోరు 89, స్ట్రోక్ 79 మిల్లీమీటర్లు, పరిమాణం 491 సీసీ. ఎగ్జాస్ట్ పవర్ వాల్వ్ ఏనాడూ పెట్టలేదు. సుమారు 60 అశ్వశక్తిని వంద కిలోల దరిదాపు బరువున్న బైకుకు ఇవ్వడం వల్ల, మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను ఆదమరచి తిప్పితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. సెల్ఫ్ స్టార్ట్ లేదు. పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చుకుని, గట్టి బూటుతో కిక్కును అడుగుదాకా ఒకే ఊపులో తొక్కాలి. మధ్యలో కాలు తడబడితే కిక్కు వెనక్కి తన్నుతుంది.

అమెరికాలో 500 సీసీ జాతీయ తరగతి 1993తో ముగిసింది. అంటే బైకు మరో ఎనిమిదేళ్లు బతికింది, కానీ దానికంటూ అక్కడ పెద్ద పోటీ లేదు. పరుగు తీయడానికి ఎడారులు, కొండలు మిగిలాయి. పోటీ లేని బైకు మీద పరిశోధన ఖర్చు పెట్టేవారెవరు? చివరి ఏళ్లలో స్టిక్కర్లు తప్ప చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆ నిర్లక్ష్యం తర్వాతి కాలంలో యజమానులకు కలిసొచ్చింది. ఏళ్ల తరబడి ఒకే ఇంజిన్ నడవడంతో ఒక ఏడాది భాగం మరో ఏడాది బైకుకు సరిపోతుంది, విడిభాగాలు చేసే సంస్థలకు ఒకే అచ్చుతో చాలా ఏళ్ల బైకులకు సరుకు అందించే వీలుంటుంది. ఇదే వరసలోని కవాసాకి కేఎక్స్500 కూడా 2004లో ఆగింది, దానికీ ఇలాంటి అనుచరులు ఉన్నారు.

ఇంజిన్ మారలేదు కానీ ఫ్రేము పాతబడింది. అందుకే సీఆర్250 అల్యూమినియం ఫ్రేములో 500 ఇంజిన్ బిగించే పద్ధతి పుట్టింది. సీఆర్500ఏఎఫ్ అని పిలిచే ఈ సంకరానికి అమెరికాలో ఒక డీలర్ సంస్థ పేరు సంపాదించింది కూడా. పని చిన్నదేమీ కాదు. ఇంజిన్ పట్టీలు కొత్తగా చేయాలి, ఫ్రేములో ఇంజిన్‌కు అడ్డొచ్చే చోట కోసి మళ్లీ అతకాలి, ఎగ్జాస్ట్ గొట్టం రేడియేటర్‌కు తగలకుండా మలచాలి, గొలుసు వరుస తప్పకుండా చూడాలి. అల్యూమినియం వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది కాబట్టి ఎక్కడ కోస్తున్నారన్నది కీలకం. ఇంత చేసి పుట్టించే బైకును హోండా ఏనాడూ అమ్మలేదు. గతాన్ని ఉన్నదున్నట్టు నిలుపుకోవడం వీరి కోరిక అయితే ఇలా ఎవరూ కోయరు. జరగకుండా పోయిన తర్వాతి మోడల్‌ను సొంతంగా తయారు చేసుకోవడం ఇది.

మైకో, హుసాబర్గ్‌లతో తేడా

ఆగిపోయిన ఇతర బైకులకూ అభిమానులున్నారు. జర్మనీకి చెందిన మైకో 1983లో దివాలా తీసింది. దాని 1981 నాటి 490 ఆ కాలపు పెద్ద తరగతి బైకుల్లో మేటి అని పేరు. స్వీడన్‌లో 1988లో పుట్టిన హుసాబర్గ్‌ను 1995లో కేటీఎం సొంతం చేసుకుని, 2014 మోడళ్లతో ఆ పేరుకు స్వస్తి చెప్పింది. ఈ రెండు చోట్లా పేరే పోయింది, వెనుక నిలబడే సంస్థ లేకుండా పోయింది. సీఆర్ విషయంలో సంస్థ బలంగా ఉంది, డీలర్లు ఉన్నారు, పాత భాగాలు కొన్ని ఇంకా అధికారికంగా దొరుకుతాయి. అందువల్ల మైకో ప్రధానంగా పాతకాలపు బైకుల పోటీల్లోనూ సేకరణల్లోనూ కనబడుతుంటే, సీఆర్ వారాంతపు ట్రాకుల మీద కొత్త బైకుల పక్కన పరుగెడుతోంది.

విడిభాగాలు, ముందున్న కాలం

తయారీదారు పాత మోడల్ విడిభాగాలను ఒక్కసారిగా ఆపడు. నిల్వ అయిపోయిన కొద్దీ ఒక్కో నంబరు జాబితా నుంచి తొలగిపోతుంది. ఎక్కువ అమ్ముడయ్యే పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులను వైసెకో, వెర్టెక్స్ వంటి బయటి సంస్థలు తయారు చేస్తాయి కనుక వాటికి కొరత తక్కువ. ప్లాస్టిక్ భాగాల్లో పోలిస్పోర్ట్ వంటివారు 2002–07 బైకులకు కొత్త కాలపు రూపమిచ్చే కిట్లు కూడా తెచ్చారు. వాటిని తొడిగితే దూరం నుంచి చూసేవారు కొత్త బైకే అనుకుంటారు.

చిక్కు వచ్చేది తక్కువ అమ్ముడయ్యే, చేయడం కష్టమైన భాగాలతో. సీడీఐ పెట్టె (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ భాగం), గేర్లు, క్రాంక్ కేసు, సిలిండర్ పోత ముక్కలు ఈ కోవలోవి. 2002 తర్వాతి సీఆర్250 పవర్ వాల్వ్ మోటారు కూడా ఇందులోకే వస్తుంది. మునుపటి మోడళ్లలో ఇంజిన్ వేగంతో తిరిగే గుండ్ల బలంతో వాల్వ్ కదిలేది, అరిగితే యంత్రశాలలో సరిచేయవచ్చు. మోటారు, సర్క్యూట్ కాలిపోతే అలా కుదరదు. కాబట్టి కాలం గడిచేకొద్దీ శ్రేణిలోని చివరి బైకుల కంటే 1990ల బైకులను నడిపించడమే తేలిక కావచ్చు. కొత్తది ఎక్కువ కాలం వస్తుందన్న మామూలు అంచనా ఇక్కడ తిరగబడే అవకాశం ఉంది.

ధరల మీద దీని ప్రభావం రెండు రకాలుగా ఉండవచ్చు. ఏమీ మార్చకుండా, అసలు భాగాలతో నిలిచిన బైకులు ట్రాకు వదిలి సేకరణల్లోకి చేరతాయి, తొలి ఎల్సినోర్‌లు ఆ దారిలో ఇప్పటికే వెళ్లాయి. సొట్టలు లేని అసలు అల్యూమినియం ట్యాంకు దొరకడమే వాటి విషయంలో పెద్ద గండం. మిగిలినవి ఒకదాని భాగాలు మరొకదానికి ఇచ్చుకుంటూ నడుస్తాయి, రెండు మూడు పాడైన బైకులు కొని ఒకటి నిలబెట్టడం ఇప్పటికే మామూలు. దీనివల్ల నడిచే బైకుల సంఖ్య తగ్గుతూ, ఒక్కొక్కటి విలువ పెరుగుతూ పోతుంది. యూరప్‌లో యువ రైడర్ల పోటీల్లో 125 టూస్ట్రోక్ తరగతి కొనసాగడం, కేటీఎం, యమహా కొత్త టూస్ట్రోక్‌లు అమ్ముతుండటం వల్ల నూనె, జెట్లు, రీడ్లు, అన్నింటికంటే ముఖ్యంగా ఈ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌లు కొరవడరు. సీఆర్‌కు పరోక్షంగా అందుతున్న ఆసరా ఇది.

సీఆర్ సిలిండర్‌ను కొత్తగా పోతపోసి సరసమైన ధరకు అమ్మగల సంస్థ ముందుకొస్తుందా అన్నది అసలు ప్రశ్న. పెద్ద బోరు కిట్లు అమ్మేవారు కొన్ని మోడళ్లకు సొంత సిలిండర్లు చేస్తున్నా, పందేల నియమాలకు లోబడే మామూలు పరిమాణంలో, అన్ని ఏళ్ల బైకులకూ చేయడం గిట్టుబాటు అయ్యే పని కాదు. అరిగిన సిలిండర్‌కు పూత మళ్లీ వేయించవచ్చు, చిన్న గాట్లను వెల్డింగ్‌తో పూడ్చవచ్చు. రంధ్రాల మధ్యనున్న సన్నని గోడ పగిలితే మాత్రం ఇంకో పాత ఇంజిన్ వెతికి, దాని సిలిండర్ విప్పి తెచ్చుకోవాలి.